వేస్ట్ చెక్క అన్నాను

మా కొట్లో ఒక పద్ధతి ఉంది. కొత్తగా వీడియోలు మొదలుపెట్టేవాళ్ళకి సామాను కట్టి ఇచ్చేముందు, వాళ్ళ ఫోన్‌లోనే ఒకసారి రికార్డు చేయించి, వినిపించి, అప్పుడే సంచీలో పెడతాను. స్టాండు బిగించి, లైటు వేసి, మెడ దగ్గర మైకు తగిలించి, "మీ పేరు, మీ ఊరు, ఏదో ఒక మాట చెప్పండి" అంటాను. గుడివాడ బస్టాండుకి దగ్గర్లో మేడమీది గది అది. కింద హోటల్లో పెనం చప్పుడు, రోడ్డు మీద హారన్లు. వాటి మధ్య మాట తేటగా వినపడితే ఇక ఎక్కడైనా వినపడుతుంది. వంటలు చూపించే అత్తగార్లు, ట్యూషన్ మాస్టార్లు, చేపల చెరువుల సంగతులు చెప్పే రైతులు, అందరూ పేరూ ఊరూ గబగబా చెప్పేసి మూడో మాట దగ్గర తడబడతారు. నేను నవ్వి, "పర్లేదండీ, పొద్దున ఏం తిన్నారో చెప్పండి" అని సాయం చేస్తాను. ఇన్నేళ్ళలో ఆ మూడో మాట తడుముకోకుండా చెప్పిన మనిషి ఒక్కడే. ఆయన మొన్న వచ్చి వెళ్ళాడు. అప్పటినుంచీ నాకు నిద్ర సరిగ్గా లేదు.

జ్ఞాపకాలు రాయాలంటే తల నెరవాలంటారు. నాకింకా నెరవలేదు. కానీ నా మొదటి రోజుల గురించి చెప్పమంటే ఏ కాలేజీ స్టేజీ మీదైనా గలగలా చెప్పగలను. పెడనలో కలంకారీ అచ్చులు వేసే ఇంట్లో పుట్టాను, చేతిలో ఏమీ లేకుండా మొదలుపెట్టాను, ఇంట్లో పారేసినవాటితోనే సామానంతా తయారుచేసుకున్నాను అంటాను. పిల్లలు చప్పట్లు కొడతారు. ఆ కథలో ఒక్క అబద్ధం ఉంది. అన్నీ పారేసినవి కావు.

మా ఇంటికి ముందు భాగం కాపురం, వెనక భాగం అచ్చుల షెడ్డు. పొద్దున లేవగానే ముక్కుకి తగిలేది కాఫీ కాదు, కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో నానిన గుడ్డ వాసన. దాని వెనకే ఇనప తుక్కూ బెల్లమూ కలిపి కుండలో పులియబెట్టిన నల్లరంగు వాసన. ఎంత సబ్బు రుద్దినా ఆ వాసన జడలో ఉండిపోయేది. నాన్న తెల్లారకముందే కాలవ దాకా నడిచి నీళ్ళు చూసొచ్చేవాడు. నీళ్ళు మురికిగా ఉంటే ఆ పూట గుడ్డ ఉతకనిచ్చేవాడు కాదు. మాట తక్కువ, పంతం ఎక్కువ. ప్రతి శుక్రవారం చెక్క అచ్చులకి సాంబ్రాణి పొగ వేసి, ఒక్కొక్కదాన్నీ చేత్తో తాకుతూ అరలో సర్దేవాడు. ఆ అరలో పై వరస మాత్రం ఆయన తాకాలి, లేదంటే సాంబయ్య మావయ్య తాకాలి. అక్కడ మా దానిమ్మతీగ ఉండేది.

దానిమ్మతీగ మా తాతయ్య గీయించుకున్న నమూనా. ఊళ్ళో ఇంకెవరి దగ్గరా లేదు. ఒక నమూనా అంటే ఒక్క అచ్చు కాదు. నల్లగీతకి ఒకటి, ఎరుపుకి ఒకటి, ఆకులకి ఒకటి, వెనకాల రంగుకి ఒకటి. నాలుగూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటేనే గుడ్డ మీద పువ్వు పూస్తుంది. గీత అచ్చు పోతే మిగతా మూడూ పొయ్యిలోకే. మా ఊళ్ళో ఒక కట్టుబాటు కూడా ఉంది, ఎక్కడా రాసిలేదు గానీ అందరికీ తెలుసు. పక్క షెడ్డుకి పని ఎక్కువైతే మనిషిని పంపిస్తారు, పటిక నిండుకుంటే పటిక ఇస్తారు, పిల్లనడిగితే పిల్లనిస్తారు. అచ్చు మాత్రం అడగరు, ఇవ్వరు. అచ్చు వేరే షెడ్డుకి దాటించాడని ఒకసారి పేరు పడితే ఆ మనిషికి పెడనలో ఏ బల్ల దగ్గరా చోటుండదు.

సాంబయ్య మావయ్య మాకు చుట్టం కాదు. నేను పుట్టకముందునుంచీ మా బల్ల దగ్గర అచ్చు వేసే మనిషి, అందుకని మావయ్య. రోజూ పని మొదలుపెట్టేముందు తడి అచ్చుని మొదట తన కండువా మీద వేసి చూసుకునేవాడు. ఆ కండువా అంతా పువ్వులే, సగం పువ్వులు, వంకర పువ్వులు, రంగు చాలని పువ్వులు. "మీ మావయ్య ఒంటి మీద తోట వేసుకుని తిరుగుతాడు" అని అమ్మ నవ్వేది. దానిమ్మతీగ గీత అచ్చులో ఒక మూల ఆకు చిట్లిపోయింది. వేరేవాళ్ళు వేస్తే ఆ మూల తెల్లగా తేలిపోయేది. ఆయన వేస్తే తేలేది కాదు. మణికట్టు ఏదో చిన్నగా తిప్పి, ఆ చిట్లిన మూల పక్క పువ్వు కాడ కిందికి వచ్చేట్టు సర్దేవాడు. ఎట్టా మావయ్యా అని అడిగితే, "కంటితో చూస్తే రాదమ్మాయ్, చెయ్యి గుర్తుపెట్టుకోవాల" అనేవాడు.

నేను డిగ్రీ చదువుతున్నప్పుడు ఫోన్లలో నెట్టు చవకైంది. ఊళ్ళో ప్రతివాళ్ళూ ఏదో ఒకటి చూస్తున్నారు, నాకు చూపించాలనిపించింది. తక్కువ ఖర్చులో వీడియోల సామాను ఇంట్లోనే ఎలా చేసుకోవచ్చో చెప్పే ఛానెల్ పెట్టాను. సామానున్నవాళ్ళు సామాను గురించి చెప్తారు, లేనిదాన్ని నేను లేకపోవడం గురించి చెప్పాను. అద్దం పగిలిన ఫోను. వెలుగు ముఖం మీదికి తిప్పడానికి బందరు చేపల మార్కెట్టు నుంచి తెచ్చిన థర్మాకోల్ పెట్టె మూత. ఎంత కడిగినా నీచు వాసన పోలేదు, పిల్లి దాని చుట్టూ తిరుగుతూ వీడియోల్లో పడేది. చెవిలో పెట్టుకునే వైరు మైకుని పిన్నీసుతో చున్నీకి గుచ్చుకునేదాన్ని. బల్బు వెలుగు కళ్ళలో గుచ్చుతోందంటే సాంబయ్య మావయ్యే వెతికి, ఉతికిన పల్చటి గుడ్డ ముక్క వెదురు చట్రానికి లాగి కట్టి ఇచ్చాడు. నేను రికార్డు చేసుకునే మేడమీది గదిలో మాట మోగుతోందంటే గోనెపట్టాలు కుట్టి గోడకి వేలాడదీశాడు. అన్నిటికంటే పెద్ద చిక్కు కింద షెడ్డులో అచ్చుల చప్పుడు. పిడికిలితో గుద్దిన ప్రతి గుద్దూ నా మాటల మధ్య దూరేది. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆయన తోటివాళ్ళతో, "అమ్మాయి రికార్డింగు చేసుకుంటంది, ఒక పదినిమిషాలు చుట్టలు కాల్చుకోండయ్యా" అనేవాడు. నా మొదటి వీడియోల్లో వినిపించే నిశ్శబ్దం ఆయన ఇచ్చింది.

అన్నీ కుదిరాయి గానీ ఫోను నిలబెట్టేది కుదరలేదు. పుస్తకాలు పేర్చితే జారింది, ప్లాస్టిక్ పైపులతో చేస్తే ఊగింది. అడుగున బరువుండాలి, గట్టి చెక్క కావాలి. అప్పుడు వానాకాలం. గుడ్డ ఆరదు కాబట్టి పనులు ఆపేసి, అచ్చులకి నూనె రాసి మూటలు కట్టి అటక మీద పెట్టేవాళ్ళు, శుక్రవారం సాంబ్రాణి కూడా ఉండేది కాదు. నేను అటకెక్కాను. మొదటి మూట విప్పితే పైనే మూల చిట్లిన అచ్చు కనపడింది. రెండంగుళాల మందం టేకు, వెనక పట్టుకోవడానికి పిడి. చిట్లిపోయిందిగా, పనికిరానిదే అయ్యుంటుంది అనుకున్నాను. ఇక్కడే ఆగి ఒక నిజం రాయాలి. అనుకున్నాను అని ఇన్నేళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. దానిమ్మతీగ నాకు తెలియకపోవడమేమిటి? అచ్చుల ఇంట్లో పుట్టి, రోజూ ఆ కండువా చూస్తూ పెరిగినదాన్ని. తెలిసినా చెక్క నచ్చింది. అంతే.

మేడమీద రంపంతో మధ్యకి కోశాను. కోస్తుంటే నూనె తాగిన టేకు వాసన గుప్పుమంది, ఆ వాసన ఇప్పటికీ వడ్రంగి కొట్టు ముందు నడిస్తే నన్ను పట్టుకుంటుంది. కింది సగంలో ఫోను దిగేంత గాడి తీశాను, చెక్కుడు కనపడకుండా నల్లరంగు పూశాను. మిగిలిన సగం పొట్టుతో సహా పొయ్యిలో పెట్టాను. చెక్కుడు వైపు కిందికి తిప్పి, మొత్తం వీడియో తీశాను. మొదటి మాట ఇంకా చెవిలో ఉంది: "ఇంట్లో పడున్న వేస్ట్ చెక్కతో అదిరిపోయే ఫోన్ స్టాండ్ చేసుకుందాం." ఆ వీడియో పాకినట్టు అంతకుముందు ఏదీ పాకలేదు. ఎక్కడెక్కడివాళ్ళో అక్కా, సూపర్ అక్కా అని రాశారు. నేను నేల మీద నడవలేదు.

వానలు వెనకబట్టాక దానిమ్మతీగకే పెద్ద పని వచ్చింది. మూటలు దించారు. మూడు అచ్చులున్నాయి, గీత అచ్చు లేదు. నాన్న అటక అంతా తిరగేశాడు, నూనె డబ్బాల వెనక వెతికాడు, నన్ను కూడా వెతకమన్నాడు. వెతికాను. నేనే కోసినదాన్ని నేనే టార్చి వేసి వెతికాను. మర్నాడు ఎవరో వచ్చి, ఫలానా షెడ్డులో ఇలాంటి తీగే ఆరేసి ఉండటం చూశామని చెవిలో వేసి పోయారు. అది ఏ తీగో, ఎవరి నమూనాయో నాన్న వెళ్ళి చూడలేదు. మూటలు కట్టింది సాంబయ్య మావయ్య. ఆయన్ని పిలిచి షెడ్డు మధ్యలో నిలబెట్టాడు.

"సాంబయ్యా, అచ్చు ఏదిరా?"

"మూటలో పెట్టానండి. నా చేత్తోనే నూనె రాసి పెట్టా."

"పెడితే ఏమైద్ది? కాళ్ళొచ్చి నడిచిపోద్దా?"

మావయ్య "నేను దాటించానని మీరు అంటన్నారా, ఊరు అంటందా?" అని అడిగాడు.

"ఎవరంటే ఏంటి. నా బల్ల కాడికి రావొద్దు" అన్నాడు నాన్న.

నేను గుమ్మంలో కాఫీ గ్లాసుతో ఉన్నాను. ఆ కాఫీ మావయ్యకే తెచ్చాను. నోరు విప్పితే మూడు మాటలు. నాన్నా, నేను కోశాను. విప్పలేదు. విప్పితే ఫోను లాక్కుంటాడు, ఛానెల్ ఆగిపోతుంది, అప్పుడే నాలుగు ఊళ్ళకి తెలిసిన నేను మళ్ళీ కరక్కాయ వాసన జడలో పెట్టుకుని బతకాలి. ఇవన్నీ ఆ ఒక్క నిమిషంలో లెక్కగా తోచాయి, ఆయన ముప్పై ఏళ్ళ పని మాత్రం తోచలేదు. మావయ్య బల్ల మీదున్న కండువా తీసుకుని భుజాన వేసుకుని, నా పక్కనుంచే దాటుతూ, "కాఫీ చల్లారిపోద్ది, నువ్వు తాగమ్మా" అన్నాడు. నేను తాగాను. అది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

ఆ తరవాత తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాను. ఎవరు అచ్చు అన్నా, చెక్క అన్నా, గుమ్మడికాయల దొంగలాగ భుజాలు తడుముకునేదాన్ని. ఊళ్ళో ఏ షెడ్డూ ఆయన్ని పెట్టుకోలేదు. నందివాడ వైపు చేపల చెరువు కాపలాకి పోయాడని విన్నాను. పువ్వు మీద పువ్వు కూర్చోబెట్టే చెయ్యి కర్ర పట్టుకుని కొంగల్ని తోలుతోందని విని, ఆ రోజు భోజనం మానేసి, మర్నాడు మామూలుగా ఇంకో వీడియో తీశాను. దానిమ్మతీగకి వచ్చిన పెద్ద పనిని నాన్న ఒప్పుకోలేక వదిలేశాడు. పాత గుడ్డ చూసి కొత్త అచ్చు చెక్కిస్తానని అచ్చులు చెక్కే ఆచారిగారు అన్నా వినలేదు. "నమ్మకం పోయినాక అచ్చు దేనికి" అన్నాడు. మిగిలిన మూడు అచ్చులూ అలాగే అరలో నల్లబడ్డాయి.

ఇంకా ఒకటుంది. ఇది ఎవరికీ తెలియదు. నాన్న చివరి వేసవిలో బందరు ఆసుపత్రిలో ఉన్నాడు. ఒక మధ్యాహ్నం నేను బత్తాయి వలుస్తుంటే కిటికీ వైపు చూస్తూ, "అమ్మాయ్, సాంబయ్య అట్టాంటి పని చేసుంటాడంటావా?" అన్నాడు. ఆయనకి అనుమానం రావడం కాదు, అనుమానం పోతోంది. ఒక్క మాట అందిస్తే చాలు, ఊపిరి పోయేలోపు మనిషిని పంపించి పిలిపించుకునేవాడు. అప్పటికి నాకు కొట్టు ఉంది, పేరుంది, లాక్కునే ఫోను ఏమీ లేదు. భయపడటానికి ఒక్క కారణం కూడా మిగల్లేదు. "ఏమో నాన్నా, పాత సంగతులు ఇప్పుడెందుకు" అని బత్తాయి తొన నోటికందించాను. ఆయన నమిలి మింగాడు. మళ్ళీ అడగలేదు.

మొన్న పొద్దున మెట్ల మీద ఎవరో ఒక్కో మెట్టూ ఆగి ఆగి ఎక్కుతున్న చప్పుడైంది. గుమ్మంలో సాంబయ్య మావయ్య. ముందు కండువాని చూశాను. తెల్లగా ఉంది, ఒక్క పువ్వు లేదు. లేచి కుర్చీ వేసి, నీళ్ళిచ్చి, ఏమేం మాట్లాడానో నాకే తెలియదు. ఎండలంటాను, బస్సులంటాను, మోకాళ్ళకి మందు చెప్తాను. ఆయన నీళ్ళు తాగేదాకా నన్ను మాట్లాడనిచ్చాడు.

"చెరువు కాపలా మానేశానమ్మా. మా మనవరాలు, తాతా, అచ్చు ఎట్టా వేస్తారో నువ్వు చెప్పు, నేను వీడియో తీస్తానంటంది. పాత అచ్చులు నాలుగు సంపాదించా. ఆ సామానేదో నువ్వు కట్టిస్తావని చెప్పింది."

ఉన్నవాటిలో మంచివన్నీ ముందు పెట్టాను. గాలి చప్పుడు రాని మైకు, చెయ్యి నీడ పడకుండా రెండు వైపులా లైట్లు, అచ్చు వేస్తుంటే పైనుంచి చూపించే పొడుగు చెయ్యి స్టాండు. డబ్బులు వద్దన్నాను. "అట్టయితే వద్దు" అని లేవబోయాడు. సరే మావయ్యా, తీసుకుంటాను, కూర్చోండి అన్నాను. ఆయన కూర్చుని గోడ వైపు చూశాడు. అక్కడ అద్దాల అరలో నా మొదటి సామాను ఉంది. కొట్టుకి వచ్చినవాళ్ళు ఫోటోలు తీసుకుంటారని పెట్టాను. దసరాకి ఆయుధపూజలో ఆ నల్ల స్టాండుకి కుంకుమ బొట్టు పెట్టి దండ వేస్తాను. ఈ ఏటి బొట్టు ఇంకా దాని మీద ఉంది.

"దాన్ని ఒకసారి ఇయ్యి" అన్నాడు.

తీసి ఇచ్చాను. ఆయన నల్లరంగు కింద ఉన్న చెక్కుడు మీద బొటనవేలు పెట్టి నెమ్మదిగా జరిపాడు. చిట్లిన మూల దగ్గర వేలు ఆగింది.

"మనవరాలు చూపించింది ఆ వీడియో, ఈ అక్క మీ పెడనేనంట తాతా అని. మొదట్లో ఒక్క క్షణం దీని చెక్కుడు ముఖం కనపడద్ది. ఆపమని మళ్ళీ చూశా. నేను మీ బల్ల వదిలి అప్పటికే నాలుగేళ్ళయింది."

"ఎందుకు చెప్పలేదు మావయ్యా?"

"ఎవరికి? మీ నాన్నకా? ఆయన ముందు నిన్ను నిలబెట్టమంటావా?" అన్నాడు. స్టాండు వైపే చూస్తూ, "నువ్వే చెప్తావులే అనుకున్నా" అన్నాడు.

ఆయన స్టాండుని ఒళ్ళోనే ఉంచుకుని, "మీ నాన్న పోయేముందు నా మాట ఏమైనా అన్నాడా?" అని అడిగాడు. దీనికి కూడా అబద్ధం చెప్పగలిగేదాన్నేమో. లేదు మావయ్యా అంటే ఇద్దరికీ అక్కడితో సరిపోయేది. కానీ ఆ బొటనవేలు ఇంకా చిట్లిన మూల మీదే ఉంది. చెప్పాను. సాంబయ్య అలాంటి పని చేసుంటాడంటావా అని అడిగాడని, నేను ఏమో అన్నానని. ఆయన మొదటిసారి ముఖం పక్కకి తిప్పుకున్నాడు. "అడిగాడా" అన్నాడు. "అడిగాడు మావయ్యా" అన్నాను. కండువాతో కళ్ళు తుడుచుకుని, స్టాండు బల్ల మీద పెట్టాడు.

"వీడియో పెడితే పెడనలో ఎవరో ఒకళ్ళు కింద రాస్తారు, అచ్చు అమ్ముకున్నోడు అని. పిల్ల చదువుద్ది. దాని కోసం వచ్చానమ్మా, సామాను ఎక్కడైనా దొరుకుద్ది" అన్నాడు. తరవాత ఏమీ జరగనట్టు, "ఇది పనిచేస్తదో లేదో చూపించవా మరి?" అన్నాడు.

ఆయన ఫోనే బిగించాను. లైటు వేశాను. వంగి మైకు తగిలిస్తుంటే ఆయన చొక్కాకి చుట్ట వాసన, పాత వాసనే. ఫోన్‌లో రికార్డింగు ఎర్ర చుక్క వెలిగాక, అలవాటు కొద్దీ నోటినుంచి వచ్చేసింది, మీ పేరు, మీ ఊరు, ఏదో ఒక మాట చెప్పండి అని. ఆయన అచ్చు వేసేముందు కూర్చున్నట్టే నిటారుగా కూర్చున్నాడు.

"నా పేరు సాంబయ్య. మాది పెడన. నేను ఎవరి అచ్చూ దాటించలా."

నావైపు తిరిగి, "వినపడిందా?" అని అడిగాడు.

"వినపడింది మావయ్యా."

సామానుకి డబ్బులిచ్చి, సంచీ పట్టుకుని, మెట్లు ఒక్కొక్కటే దిగి వెళ్ళిపోయాడు. తిట్టలేదు, క్షమించానని కూడా అనలేదు. అనకపోవడమే మర్యాద. ఆ స్టాండు తీసుకెళ్ళమంటే, "సగం అచ్చుతో ఏం చేసుకోను" అన్నాడు. దాన్ని అద్దాల అరలోంచి తీసేసి, బొట్టు తుడిచి, రంగు గీకించాను. తీగ సగం బయటపడింది. నా ముందు బల్ల మీద ఉంది ఇది రాస్తుంటే.

ఆయన వీడియో పెట్టేలోగా నాది వెళ్ళాలి. వేస్ట్ చెక్క అన్న ఛానెల్లోనే, అదే ముఖంతో. మూడుసార్లు కూర్చున్నాను. ఊళ్ళో అందరికీ కెమెరా ముందు భయం పోగొట్టే మనిషిని, ఎర్ర చుక్క వెలిగేసరికి అసలు మాట దాటేశాను. మూడుసార్లూ ముందు నా పేదరికం గురించి, నా వయసు గురించి మొదలుపెట్టి ఆపేశాను. అందుకే ఇదంతా కాగితం మీద పెట్టుకున్నాను, ఇక చెప్పుకోవలసిన సాకులు ఏమీ మిగలకుండా. రేపు మధ్యాహ్నం అన్నాలయ్యాక మళ్ళీ కూర్చుంటాను. కింది మూడు మాటలు మాత్రమే చదువుతాను.

నా పేరు భ్రమరాంబ. మాది పెడన. ఆ అచ్చు కోసింది నేను.